స్నాప్‌షాట్ బ్యాకప్‌కు ఏది మేలు? ముందు జాగా నిండినప్పుడు ఏమవుతుందో చూడండి

లినక్స్ సర్వర్‌లో స్నాప్‌షాట్ల (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే ప్రతుల) ఆధారంగా బ్యాకప్ పెట్టుకోవాలనుకునేవారి ముందు ప్రధానంగా నాలుగు దారులున్నాయి: ఎల్‌వీఎం (డిస్కు జాగాను వాల్యూమ్‌లుగా పంచే పొర), స్నాప్‌షాట్ వసతి తమలోనే ఉన్న ఫైల్‌సిస్టమ్‌లు బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో హార్డ్ లింకులు (ఒకే ఫైలుకు అదనపు పేర్లు). వీటిని పోల్చేటప్పుడు ఎక్కువగా వేగం గురించి, సదుపాయాల గురించి చర్చ నడుస్తుంది. నేను మాత్రం ముందు ఒక ప్రశ్న అడుగుతాను: జాగా నిండిపోయిన రోజున ఇది ఏం చేస్తుంది? పాత డేటాను వదలకుండా పట్టుకోవడమే స్నాప్‌షాట్ పని. పట్టించుకోకుండా వదిలేస్తే ఏదో ఒక రాత్రి జాగా నిండి తీరుతుంది. అప్పుడు ఒక్కో పద్ధతి ఒక్కో రకంగా చేతులెత్తేస్తుంది. అందులో ఏ రకాన్ని మీరు తట్టుకోగలరో తేలితే ఎంపిక సగం పూర్తయినట్టే.

ఇంకో మాట ముందే చెప్పాలి. మామూలుగా స్నాప్‌షాట్ ఉండేది అసలు డేటా ఉన్న డిస్కు మీదే. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. పొరపాటున చెరిపేసిన ఫైలును పది నిమిషాల్లో వెనక్కి తెచ్చుకోవడానికి అది చాలు. బ్యాకప్ అనాలంటే మాత్రం దాన్ని మరో యంత్రానికి చేర్చాలి. ఆ చేరవేత జరిగే రెండు మూడు గంటలూ డేటాను కదలకుండా నిలబెట్టడమే బ్యాకప్ విషయంలో స్నాప్‌షాట్ చేసే సాయం.

ఎల్‌వీఎం: పాతది నిండితే బ్యాకప్ పోతుంది, కొత్తది నిండితే సర్వర్ ఆగుతుంది

ఎక్స్‌టీ4 లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ మీద ఇప్పటికే నడుస్తున్న సర్వర్‌కు, ఫైల్‌సిస్టమ్ మార్చకుండా స్నాప్‌షాట్ కావాలంటే మొదట చూడాల్సింది ఎల్‌వీఎం. షరతు ఒక్కటే: వాల్యూమ్ గ్రూపులో (ఎల్‌వీఎం డిస్కులను కలిపి చేసే ఉమ్మడి జాగాలో) ఎవరికీ కేటాయించని జాగా కొంత మిగిలి ఉండాలి. ఇన్‌స్టాల్ చేసిన రోజే డిస్కు మొత్తాన్ని రూట్ వాల్యూమ్‌కు ఇచ్చేసినవారికి కథ ఇక్కడే ఆగుతుంది. ఎక్స్‌టీ4 అయితే సర్వర్ ఆపి వాల్యూమ్‌ను కుదించుకోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను కుదించడం అయ్యే పని కాదు, ఇంకో డిస్కు తగిలించి గ్రూపులో కలపడమే మార్గం.

ఎల్‌వీఎంలో స్నాప్‌షాట్లు రెండు రకాలు: పాత తరహావి, కొత్తవైన థిన్ పూల్‌వి. పాత తరహా స్నాప్‌షాట్‌కు ఎన్ని జీబీలు ఇవ్వాలో తీసేటప్పుడే చెప్పాలి. ఆ తర్వాత అసలు వాల్యూమ్‌లో ఏదైనా బ్లాకు మొదటిసారి మారబోయే ముందు దాని పాత రూపం ఈ జాగాలోకి కాపీ అవుతుంది. అందుకే స్నాప్‌షాట్ ఉన్నంతసేపూ రాతలు నెమ్మదిస్తాయి. ఇచ్చిన జాగా నిండితే ఆ స్నాప్‌షాట్ ఇక చెల్లదు. బ్యాకప్ మధ్యలో ఉంటే ఫైళ్లు చదవలేక అక్కడే విఫలమవుతుంది. అసలు వాల్యూమ్‌కు మాత్రం ఏ హానీ ఉండదు, ఉదయం వచ్చేవారు మామూలుగా పనిచేసుకుంటారు. ఇది చిన్న సుగుణం కాదు.

ఎంత జాగా ఇవ్వాలి? వాల్యూమ్‌లో పది శాతం, ఇరవై శాతం అని లెక్కలు చెబుతుంటారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. వాల్యూమ్ ఎంత పెద్దదైనా లెక్కలోకి వచ్చేది బ్యాకప్ నడిచేటప్పుడు మారే బ్లాకులే. గంటకు 5 జీబీ మారే సర్వర్‌లో బ్యాకప్‌కు 3 గంటలు పడితే 15 జీబీ అవుతుంది. దానికి రెట్టింపు, అంటే 30 జీబీ ఇవ్వండి. ఒక రాత్రి ఉత్తినే స్నాప్‌షాట్ తీసి, గంటకోసారి ఎల్‌వీఎస్ కమాండ్ ఇచ్చి డేటా శాతం ఎలా పెరుగుతోందో చూస్తే మీ సర్వర్ లెక్క మీకే తెలుస్తుంది. జాగా దానంతటదే పెరిగే ఏర్పాటు ఉంది కదా అనుకోవద్దు. ఎంత శాతం నిండితే పెంచాలో చెప్పే స్నాప్‌షాట్ ఆటోఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ విలువ 100గా వస్తుంది, అంటే ఆ ఏర్పాటును ఆపి ఉంచినట్టే. దాన్ని 70కి దించాలి, జాగాను గమనించే డీఎంఈవెంట్‌డీ సేవ నడుస్తుండాలి, గ్రూపులో పెరిగే వీలుండాలి. మూడింటిలో ఏది లేకపోయినా జాగా పెరగదు. కాపీ పూర్తయ్యాక స్నాప్‌షాట్‌ను తొలగించే పనిని అదే స్క్రిప్టులో పెట్టండి, మధ్యలో విఫలమైనా ఆ తొలగింపు జరిగేలా చూడండి.

థిన్ పూల్‌లో, అంటే వాల్యూమ్‌లన్నీ అవసరమైనప్పుడు జాగా తీసుకునే ఉమ్మడి నిల్వలో, ఈ లెక్కల బెడద ఉండదు. పరిమాణం చెప్పకుండానే స్నాప్‌షాట్ తీయవచ్చు, చాలా వాటిని నిలవ ఉంచినా రాతలు పాత పద్ధతిలో లాగా నీరసించవు. అయితే పూల్ అందరి ఉమ్మడి ఆస్తి. అది నిండితే అందులోని వాల్యూమ్‌లన్నిటికీ కొత్త బ్లాకులు దొరకవు. మామూలు అమరికలో 60 సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాత రాతలన్నీ లోపాలతో వెనక్కి వస్తాయి. పూల్ మెటాడేటా (ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే సమాచారం) నిండితే కోలుకోవడం ఇంకా కష్టం. కాబట్టి థిన్ ఎంచుకునేవారు 80 శాతానికి ఫోనుకు హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేసుకున్నాకే మొదటి స్నాప్‌షాట్ తీయాలి.

మొదటిసారి వాడేవారిని తికమక పెట్టేవి రెండున్నాయి. థిన్ స్నాప్‌షాట్ పుట్టగానే యాక్టివేట్ కాదు, యాక్టివేట్ చేసేటప్పుడు పెద్దక్షరం కే ఆప్షన్ కూడా ఇవ్వాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్‌ను మౌంట్ చేయబోతే, అసలు వాల్యూమ్ యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య), దీని యూయూఐడీ ఒకటే కావడంతో కెర్నెల్ ఒప్పుకోదు. మౌంట్ ఆప్షన్లలో నోయూయూఐడీ చేర్చాలి.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్: తీయడం తేలిక, నిండితే చిక్కు

2009లో లినక్స్ 2.6.29తో కెర్నెల్‌లోకి వచ్చింది. ఓపెన్‌సూసే 2014లో 13.2 నుంచి రూట్‌కు దీన్నే వాడుతోంది, ఫెడోరా డెస్క్‌టాప్ 2020లో 33తో ఇటు మళ్లింది. అంటే ఈ పంపిణీలు వాడేవారికి స్నాప్‌షాట్ వసతి ఇప్పటికే చేతిలో ఉంది. స్నాపర్ అనే పనిముట్టు గంటకోసారి తీసి, పాతవాటిని వరసగా ఏరివేస్తుంది కూడా.

దీనిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది చప్పుడు లేకుండా జరిగే లోపం. స్నాప్‌షాట్ ఒక సబ్‌వాల్యూమ్‌కే (ఫైల్‌సిస్టమ్ లోపలి విడి విభాగానికే) పరిమితం. దాని లోపల మరో సబ్‌వాల్యూమ్ ఉంటే స్నాప్‌షాట్‌లో ఆ చోట ఖాళీ డైరెక్టరీ కనిపిస్తుంది. లోపం రాదు, హెచ్చరిక రాదు. కంటైనర్లు నడిపే డాకర్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డ్రైవర్‌తో నడిచే చోట, సిస్టమ్‌డీ తన మెషీన్స్ డైరెక్టరీని సబ్‌వాల్యూమ్‌గా చేసుకున్న చోట ఇది మామూలే. బ్యాకప్ స్క్రిప్టు రాసేముందు సబ్‌వాల్యూమ్‌ల జాబితా తీసి, ప్రతిదానికీ స్నాప్‌షాట్ ఉందో లేదో సరిచూడండి. ఆ జాబితాను భద్రపరచి, కొత్తగా ఏదైనా చేరితే స్క్రిప్టు అరిచేలా చేస్తే ఇంకా మంచిది.

ఇక నిండే తీరు. ఇది జాగాను డేటాకు వేరుగా, మెటాడేటాకు వేరుగా పెద్ద ముక్కలుగా కేటాయిస్తుంది. డేటా ముక్కల్లో ఖాళీ ఉన్నా, మెటాడేటాకు కొత్త ముక్క దొరకకపోతే జాగా లేదనే లోపం వస్తుంది. డీఎఫ్ కమాండ్ మాత్రం ఖాళీ ఉందనే చూపిస్తుంది. ఫైలును తొలగించాలన్నా మెటాడేటాలో రాయాలి కనుక తొలగింపు కూడా మొరాయించవచ్చు. అందుకే డీఎఫ్‌ను పక్కన పెట్టి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సొంత యూసేజ్ కమాండ్‌లో ఇంకా కేటాయించని జాగా ఎంతో చూడాలి. అది కొన్ని జీబీలకు దిగిందంటే బ్యాలెన్స్ (అరకొరగా నిండిన ముక్కలను సర్ది ఖాళీ చేసే కమాండ్) నడపాల్సిన సమయం వచ్చినట్టే. పెద్ద ఫైలు తీసేసినా జాగా పెరగలేదని కంగారుపడవద్దు. దాన్ని ఏదో ఒక స్నాప్‌షాట్ పట్టుకుని ఉంటుంది. ఆ స్నాప్‌షాట్‌ను తీసేశాక కూడా శుభ్రపరచడం వెనకాల మెల్లగా జరుగుతుంది.

డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్ డిస్కు ఫైళ్లు దీని మీద పెట్టమని నేను చెప్పను. చిన్న చిన్న రాతలతో ఫైలు వేల ముక్కలవుతుంది. ఆ బాధ లేకుండా కాపీ ఆన్ రైట్‌ను (మార్పును పాతదాని మీద కాక కొత్త చోట రాసే పద్ధతిని) ఆపివేయవచ్చు, కానీ దానితో చెక్‌సమ్‌లు (డేటా చెడిందో లేదో పట్టిచ్చే సంఖ్యలు) కూడా పోతాయి, స్నాప్‌షాట్ తీసిన ప్రతిసారీ ఆ తర్వాతి మొదటి రాత ఎలాగూ కొత్త చోటికే వెళ్తుంది. పలు డిస్కులను కలిపే రెయిడ్ 5, 6 అమరికల జోలికి అసలే వెళ్లవద్దు.

జెడ్‌ఎఫ్‌ఎస్: నిండినా కుప్పకూలదు

సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో ఓపెన్‌సోలారిస్ ద్వారా విడుదల చేసిన ఫైల్‌సిస్టమ్ ఇది. లైసెన్సు పొసగక లినక్స్ కెర్నెల్‌లో చేరలేదు. వేరే మాడ్యూల్‌గా పెట్టుకోవాలి, కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్ సరిపోతుందో లేదో చూసుకోవాలి. తరచూ కొత్త కెర్నెల్ తెచ్చే పంపిణీలో ఇది నిజంగా విసుగు పుట్టిస్తుంది. ఉబుంటు దీర్ఘకాల విడుదలల మీద అంత ఇబ్బంది ఉండదు. మెమరీ విపరీతంగా తింటుందన్న పేరు మాత్రం కొంత అన్యాయం. డీడూప్లికేషన్ (ఒకేలాంటి డేటాను ఒక్కసారే దాచడం) జోలికి వెళ్లనంతవరకు 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద చక్కగా నడుస్తుంది.

పూల్ (డిస్కులను కలిపిన నిల్వ) మొత్తంలో సుమారు 3 శాతాన్ని ఇది తన కోసం దాచుకుంటుంది, పెద్ద పూళ్లలో ఆ నిల్వకు గరిష్ఠ పరిమితి ఉంది. మామూలు రాతలు ఆగిపోయాక కూడా స్నాప్‌షాట్‌లను తొలగించడానికి ఆ చిన్న నిల్వ పనికొస్తుంది. నిండే కొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి 80 శాతం దగ్గరే జాగ్రత్త పడడం మంచిది.

బ్యాకప్ చేసేవాడి కష్టం తెలిసినవారు చేసినట్టుంటాయి దీని సదుపాయాలు. ఒక్క కమాండ్‌తో కింది డేటాసెట్‌లన్నిటికీ (పూల్ లోపలి ఫైల్‌సిస్టమ్‌లన్నిటికీ) ఒకే క్షణంలో స్నాప్‌షాట్ తీయవచ్చు. హోల్డ్ వేసిన స్నాప్‌షాట్ పొరపాటున కూడా తొలగిపోదు. ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాను తాళం తీయకుండానే పంపవచ్చు, అవతలి యంత్రానికి మీ పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. పంపడం మధ్యలో నెట్ తెగితే, స్వీకరించేవైపు ముందే ఆ ఆప్షన్ పెట్టి ఉంటే ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు.

జాగ్రత్త పడాల్సినది రోల్‌బ్యాక్ దగ్గర. నిన్నటి స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్తే, ఈ రోజు తీసినవన్నీ చెరిగిపోతాయి. తొలగిస్తానని ఒప్పుకునే ఆప్షన్ ఇస్తే తప్ప అది వెళ్లదు, కానీ కంగారులో ఉన్నవాడు ఆ ఆప్షన్ ఇచ్చేస్తాడు. ఒక ఫైలు కావాలంటే రోల్‌బ్యాక్ వద్దు. డేటాసెట్ మొదట్లో చుక్కతో మొదలయ్యే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే దాగిన డైరెక్టరీలోకి వెళ్తే ప్రతి స్నాప్‌షాట్ తెరిచే ఉంటుంది, కాపీ చేసుకుంటే సరి.

ఇంత పొగిడాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 2023 నవంబరులో, కాపీ చేసిన ఫైళ్లలో కొన్ని భాగాలు సున్నాలుగా మారే లోపం లినక్స్‌లో వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ రూపమైన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌లో బయటపడింది. 2.2.2, 2.1.14 విడుదలలతో సరిచేశారు. తప్పుడు డేటాకే చెక్‌సమ్ సరిగ్గా పడడంతో స్క్రబ్ (పూల్ మొత్తాన్ని చదివి సరిచూసే పని) దాన్ని పట్టుకోలేదు. అందుకే కనీసం ఒక్క బ్యాకప్ కాపీ అయినా వేరే ఫైల్‌సిస్టమ్ మీద, వేరే పద్ధతిలో, అంటే రెస్టిక్ లేదా బోర్గ్ లాంటి బ్యాకప్ పనిముట్టుతో ఉండాలని నేను పట్టుబడతాను.

ఆర్‌సింక్, హార్డ్ లింకులు

ఎక్కడైనా నడుస్తుంది, ఎవరికైనా అర్థమవుతుంది. మారని ఫైళ్లను నిన్నటి కాపీకి హార్డ్ లింకుగా కలిపి, మారినవాటిని మాత్రమే కొత్తగా తెస్తుంది. ప్రతి తేదీ డైరెక్టరీ పూర్తి కాపీలాగే కనిపిస్తుంది. ఆర్‌స్నాప్‌షాట్ అనే పనిముట్టు చేసేది ఇదే. జాగా నిండితే చివరి కాపీ అసంపూర్తిగా మిగులుతుంది, పాతవి చెక్కుచెదరవు. తాత్కాలిక పేరుతో కాపీ చేసి, విజయవంతంగా ముగిశాకే తేదీ పేరు పెడితే ఆ అసంపూర్తి కాపీని అసలైనదని పొరబడే అవకాశం కూడా పోతుంది.

ఇది ఒక క్షణాన్ని పట్టుకోదు. మొదటి ఫైలు పదింటికి, చివరిది పన్నెండింటికి కాపీ అయినట్టుంటుంది. పెద్ద ఫైలులో ఒక్క బైటు మారినా కొత్త తేదీలో మొత్తం ఫైలంత జాగా పడుతుంది. అన్ని తేదీల్లోనూ కనిపించే ఫైలు డిస్కు మీద నిజానికి ఒక్కటే కాబట్టి ఆ చోట సెక్టారు పాడైతే అన్ని తేదీల్లోనూ పాడైనట్టే. హార్డ్ లింకుల నకలు తీసి, దాని మీద, ఉన్న ఫైలులోనే మార్పులు రాసే ఇన్‌ప్లేస్ ఆప్షన్‌తో ఆర్‌సింక్ నడిపేవారు తమ చరిత్రను తామే తిరగరాసుకుంటున్నారు. లినక్స్ మింట్‌తో వచ్చే టైమ్‌షిఫ్ట్ కూడా ఈ కోవదే, కానీ అది వ్యవస్థ ఫైళ్ల కోసం ఉద్దేశించినది. మామూలు అమరికలో హోమ్ డైరెక్టరీని వదిలేస్తుంది. ఫొటోలు భద్రంగా ఉన్నాయనుకుని నిశ్చింతగా ఉండేవారు ఒకసారి తెరిచి చూసుకోవాలి.

తెలుగు ఫైలు పేర్లు పెట్టేవారికి ఒక ఉపయోగకరమైన వివరం. ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో పేరు పొడవు పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది, అంటే 85 సంకేతాలు. లక్ష్మి అనే పేరు కంటికి రెండే అక్షరాలు, డిస్కు మీద 7 సంకేతాలు, 21 బైట్లు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పరిమితిని వేరే రకంగా లెక్కిస్తారు కాబట్టి అక్కడ పట్టిన పొడవైన తెలుగు పేరు ఇక్కడ పట్టకపోవచ్చు. ఆర్‌సింక్ ఆ ఒక్క ఫైలును వదిలేసి ముందుకు సాగి, చివర్లో లోపం కోడ్ ఇస్తుంది. ఆ కోడ్‌ను చూడని స్క్రిప్టు ఆ ఫైలును ఎన్నటికీ బ్యాకప్ చేయదు.

డేటాబేస్ ఉంటే

ఒకే క్షణంలో తీసిన స్నాప్‌షాట్ నుంచి డేటాబేస్ లేపడమంటే కరెంటు పోయి వచ్చాక లేపడం లాంటిదే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ రెండూ తమ లాగ్ (మార్పుల చిట్టా) చదువుకుని కోలుకుంటాయి. కానీ డేటా ఒక వాల్యూమ్‌లో, లాగ్ మరో వాల్యూమ్‌లో ఉండి వాటికి వేర్వేరు క్షణాల్లో స్నాప్‌షాట్ తీస్తే ఆ హామీ పోతుంది. రెండింటినీ ఒకే వాల్యూమ్‌లో పెట్టండి, లేదా జెడ్‌ఎఫ్‌ఎస్‌లో లాగా ఒకేసారి తీసే వసతి వాడండి.

మైఎస్‌క్యూఎల్‌లోని పాత మైఐసామ్ రకం పట్టికలు ఇంకా ఉన్న సైట్లకు తాళం (లాక్) తప్పదు. ఇక్కడ చాలా స్క్రిప్టుల్లో కనిపించే తప్పు ఒకటుంది. ఒక వరుసలో మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌ను పిలిచి పట్టికలకు రీడ్ లాక్ వేస్తారు, తర్వాతి వరుసలో స్నాప్‌షాట్ తీస్తారు. క్లయింట్ బయటికి రాగానే ఆ సెషన్ ముగిసి లాక్ విడిపోతుంది. అంటే స్నాప్‌షాట్ తీసే సమయానికి తాళం లేదు. లాక్ వేసిన అదే సెషన్ లోపలి నుంచి సిస్టమ్ అనే ఆదేశంతో స్నాప్‌షాట్ కమాండ్‌ను నడిపి, ఆ తర్వాత లాక్ తీయాలి.

అవతలికి చేర్చడం

బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ రెండూ మునుపటి స్నాప్‌షాట్‌తో పోల్చి తేడాను మాత్రమే పంపగలవు. ఆ మునుపటిది రెండు వైపులా ఉండాలి. జాగా కోసం దాన్ని ఇవతల చెరిపేస్తే మొదటి నుంచి మొత్తం పంపాల్సిందే. సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న కనెక్షన్‌లో 1 టీబీ పంపడానికి దాదాపు 44 గంటలు పడుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పంపేవైపు స్నాప్‌షాట్ బదులు బుక్‌మార్క్ (ఆ స్నాప్‌షాట్ ఏ క్షణానిదో చెప్పే గుర్తు) ఉంచుకుంటే చాలు, దానికి దాదాపు జాగా పట్టదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ స్నాప్‌షాట్‌ను రీడ్ ఓన్లీగానే తీయాలి, అవతల చేరినదాన్ని రాయడానికి వీలుగా ఎప్పుడూ మార్చకూడదు. మార్చితే తర్వాతి తేడాలు దాని మీద అతకవు.

సర్వర్ తానే పంపడం కంటే బ్యాకప్ యంత్రం వచ్చి లాక్కుపోవడం మేలు. సర్వర్‌లోకి చొరబడినవాడికి రూట్ అధికారం దొరికితే స్థానిక స్నాప్‌షాట్‌లను నిమిషంలో చెరిపేస్తాడు, బ్యాకప్ యంత్రం తాళంచెవులు కూడా అక్కడే ఉంటే దాన్నీ వదలడు.

పంపే స్ట్రీమ్‌ను (డేటా ప్రవాహాన్ని) కుదించి ఫైలుగా దాచేవారు షెల్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేయాలి. లేకపోతే పంపే కమాండ్ మధ్యలో చచ్చినా, చివరనున్న కుదింపు కమాండ్ సవ్యంగా ముగిసింది కనుక స్క్రిప్టు విజయమనే చెబుతుంది. అయినా స్ట్రీమ్‌ను ఫైలుగా దాచడం నాకు నచ్చదు. అందులో ఒక్క బిట్ చెడినా జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ స్ట్రీమ్‌ను స్వీకరించదు. అవతల కూడా పూల్ పెట్టి, అందులోకి దించడమే పద్ధతి.

2017 జనవరి 31న కోడ్ భద్రపరిచే సేవ గిట్‌ల్యాబ్‌లో ప్రధాన డేటాబేస్ డైరెక్టరీ పొరపాటున చెరిగిపోయింది. డేటాబేస్‌ను ఫైలుగా దించే పీజీడంప్ వెర్షన్ సరిపోక డంప్‌లు అంతకుముందు నుంచే విఫలమవుతున్నాయి. ఆ విషయం చెప్పే ఈమెయిళ్లను గ్రహీత సర్వర్ తిరస్కరించడంతో అవి ఎవరికీ చేరలేదు. చివరికి ఆదుకున్నది, ఒక ఇంజనీరు వేరే పని కోసం సుమారు 6 గంటల ముందు తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్. లోపం వస్తే మెయిలు వస్తుందిలే అనుకునే ఏర్పాటు మెయిలుతోపాటే చచ్చిపోతుంది. దానికి బదులు, అవతలి యంత్రంలో తాజా స్నాప్‌షాట్ వయసు ఎన్ని గంటలో మూడో చోటి నుంచి చూడాలి. 26 గంటలు దాటితే గంట మోగాలి.

ఎవరికి ఏది

ఇప్పటికే ఎక్స్‌టీ4 మీద నడుస్తున్న ఆఫీసు సర్వర్, చూసుకునేవారు అంతంతమాత్రం: పాత తరహా ఎల్‌వీఎం స్నాప్‌షాట్ తీసి, దాని నుంచి రెస్టిక్‌తో బయటికి కాపీ చేసి, స్నాప్‌షాట్ తొలగించండి. థిన్ పూల్ వద్దు. కొత్తగా ఫైల్ సర్వర్ కడుతున్నవారు, ముఖ్యంగా టీబీల కొద్దీ ఫొటోలు, వీడియోలు ఉన్నవారు, రెండు డిస్కుల మిర్రర్ (రెండింటిలోనూ ఒకే డేటా) మీద జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టుకోవాలి. ఈ నాలుగింటిలో ఖర్చుకు తగిన నిశ్చింత అక్కడే ఎక్కువ. ఫెడోరా, ఓపెన్‌సూసే ల్యాప్‌టాప్‌లకు ఉన్న బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌నే వాడుకుంటూ, స్నాపర్‌లో నిలవ సంఖ్య తగ్గించి, వారానికోసారి బయటి డిస్కుకు పంపితే చాలు. వందల స్నాప్‌షాట్‌లతో పాటు కోటాలు (జాగా పరిమితులు) కూడా ఆన్ చేసి ఉంచితే యంత్రం నత్తనడక నడుస్తుంది. ఏ ఫైల్‌సిస్టమ్ మీదైనా తీయాల్సిన, వేర్వేరు వ్యవస్థలున్న చోట ఆర్‌సింక్, అది కూడా వీలైతే ఎల్‌వీఎం స్నాప్‌షాట్ మీద నుంచి.

అద్దె క్లౌడ్‌లో ఉన్నవారికి ప్రొవైడర్ ఇచ్చే డిస్కు స్నాప్‌షాటే మొదటి ఎంపిక. అమెజాన్ క్లౌడ్‌లో అయితే 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల ప్రాంతం) కూడా ఉంది కాబట్టి, ముంబైలో నడిచే సర్వర్ స్నాప్‌షాట్‌ను దేశం దాటకుండానే రెండో రీజియన్‌కు కాపీ చేసుకోవచ్చు. ఒక వాల్యూమ్ కంటే ఎక్కువ ఉంటే అన్నిటికీ కలిపి ఒకేసారి తీసే ఆప్షన్ ఎంచుకోండి. పునరుద్ధరణకు ఎంత సేపు పడుతుందో ముందే ఒకసారి గడియారం పెట్టి చూడండి. స్నాప్‌షాట్ నుంచి చేసిన కొత్త వాల్యూమ్ క్షణాల్లో సిద్ధమైనట్టు కనిపించినా, ప్రతి బ్లాకునూ మొదటిసారి చదివేటప్పుడు వెనకాల నిల్వ నుంచి తెచ్చుకుంటుంది. పెద్ద డేటాబేస్ మొదటి కొన్ని గంటలు ఈడుస్తూ నడుస్తుంది.